ఒక్క గుడి తేడా

తెల్లారి నాలుగున్నర. చీమకుర్తి క్వారీలో
రాళ్లింకా నిద్ర లేవలేదు.
చొక్కా జేబులో సీసాలు, చేతిలో టార్చి,
నోట్లో రబ్బరు గొట్టం.
నన్ను చూసి మస్తానమ్మ బర్రె చెవి విదిల్చింది.
మస్తానమ్మ మాత్రం ఊరుకుంటదా:
"ఏంది నాయనా, జీతమిచ్చి మరీ
గోడలు పీల్చమని పంపిందా సర్కారు?"

అవునమ్మా, గోడలే.
పేడ అలుకు పెచ్చులూడిన చోట,
నెర్రెలో, చెమ్మ ఆరని మూలన ఉంటది.
నువ్వుగింజ దీనికి పెద్దన్న.
దోమలా పాడదు, ఈగలా ముసరదు.
రెక్కలు రెండూ మడవకుండా పైకెత్తి కూర్చుంటది,
ఎగరబోయి గెంతుతది.
పేరేమో ఇసుక ఈగ,
ఇసుకతో దానికి ఏ పనీ లేదు.

మెల్లగా పీలిస్తే రాదు.
గట్టిగా పీలిస్తే కాళ్లు ఊడొస్తాయి.
పందొమ్మిదేళ్ల సర్వీసులో నేను నేర్చింది
ఒక ఊపిరి కొలత.

రేకుల షెడ్డులో ఏడో మంచం సుబోధ్ మాంఝీది.
నెలన్నర జ్వరం.
మలేరియా అన్నారు, కాదు. టైఫాయిడ్ అన్నారు, అదీ కాదు.
డాక్టరమ్మ చెయ్యి ఎడమ పక్కటెముకల కింద ఆగిపోయింది.
బల్ల.
బొడ్డు దాకా దిగిన బల్ల.
"మీ ఇంట్లో ఇంకెవరికన్నా?"
మాట అర్థమైందో లేదో, వాడు
తన నల్లబడ్డ నుదురు తడిమి చూపించి
"భయ్యా" అన్నాడు.
వాణ్ణి ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.
నాకేమో కాగితం వచ్చింది:
సదరు వ్యాధిని మోయు ఈగ ఈ ప్రాంతమున
ఉన్నదీ లేనిదీ తెలుపగలరు.

మా అమ్మ మార్కాపురంలో పలకలు రుద్దేది.
మోకాటి మీద రాయి, రాయి మీద నీళ్లు,
గోళ్ల సందున ఎప్పుడూ బూడిదరంగు.
అంచు విరిగి అమ్ముడుపోనిదే నా మొదటి పలక.
"గుడి పెట్టావా లేదా చూసుకోరా,
అర్థం మారిపోద్ది" అనేవాడు కోటయ్య పంతులు.

ఇప్పుడు నా పలక గాజుది. వేలెడుంటది.
దాని మీద ఈగ తల కోసి, వెల్లకిలా తిప్పి,
సూదితో సర్ది
మైక్రోస్కోపులోంచి నోట్లోకి తొంగి చూస్తాను.
గొంతు గుమ్మంలో దువ్వెనలా పళ్లుంటే
బతికిపోయాం, అది బల్లిని వెతుక్కుంటది.
పళ్లు లేనిదే
మనిషి మంచం దగ్గరికి వచ్చేది.

పళ్లున్నది బల్లికి.
లేనిది బల్లకి.
పంతులు ఉంటే చెప్పేవాణ్ణి.

ముప్పయ్యెనిమిది పలకలు చదివాను, అన్నీ బల్లివే.
మెడ లాగేసింది, టీ చల్లారింది.
ముప్పైతొమ్మిదోదానికి
కాళ్లు వెండి పూత పూసినట్టున్నాయి.
నోట్లో ఏమీ లేదు.
పసిబిడ్డ నోరల్లే బోసి.
పొట్ట చివర చూశాను, ఉంగరాలు ఉంగరాలుగా చుట్టిన సంచి.
అదే.
సీసా మీద నా చేతిరాతే: మస్తానమ్మ పాక, ఉత్తరపు గోడ.

సాయంత్రం మేస్త్రి ఫోను:
"ఉందని మాత్రం రాయమాక సార్,
ఆ బీహారోళ్లని ఊళ్లో నిలవనియ్యరు."

చాలాసేపు కలం మూత తీసి కూర్చున్నాను.
రాశాను: ఉన్నది.
ఆ కింద, ఫారంలో గడి లేకపోయినా:
ఈగ ఇక్కడిదే. ముందునుంచీ ఉంది.
సుబోధ్ తెచ్చింది కాదు.
పై ఆఫీసులో ఆ ముక్క ఎవరు చదువుతారో తెలీదు.

మందు కొట్టే పంపుతో మళ్లీ వెళ్లాను.
"దొరికిందా నాయనా?"
"దొరికింది."
"పళ్లు పీకావా మరి?"
"దానికి పళ్లే లేవమ్మా, అందుకే భయం."
"అట్టయితే నన్ను చూసీ భయపడు" అని
నోరంతా తెరిచి నవ్వింది మస్తానమ్మ.

బర్రె చెవి విదిల్చింది.
దాని మెడ మీంచి సన్నటిదేదో లేచి
జానెడు గెంతి,
గోడ మీద ఆగి,
రెక్కలు పైకెత్తింది.